లెక్కతో పాటు లెక్క చేసిన దారి కూడా
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల క్రితం కార్యదర్శిగారు ఫోన్ చేసి, “ఈసారి ప్రత్యేక సంచిక ఆరోగ్యం మీద తెస్తున్నాం, మీరు కూడా నాలుగు మాటలు చెప్పాలి” అని ఆదేశించారు. బి.పి., షుగరు గురించి డాక్టరుగారు ఇంతకుముందే చక్కగా చెప్పారు. నేను వైద్యుణ్ణి కాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ముప్పై ఆరేళ్లు కాగితాల మధ్యనే గడిచాయి. కనుక నాకు తెలిసిన కాగితాల సంగతినే ఆరోగ్యంతో కలిపి మనవి చేసుకుంటాను. ఆరోగ్యం మీద సర్వే చేసినప్పుడు, వచ్చిన శాతంతో పాటు ఆ శాతం ఎట్లా వచ్చిందో చూపే లెక్కను కూడా నలుగురి చేతిలో పెట్టాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎందుకు పెట్టాలో, పెట్టకపోతే ఏమవుతుందో చెప్పడానికి కొంచెం సమయం తీసుకుంటాను.

మా మనుమరాలు హైదరాబాదులో ప్రజారోగ్యంలో పి.జి. చదువుతున్నది. చదువులో భాగంగా ఈ మధ్య ఒక సర్వే చేసింది. మన సభ్యుల ఇళ్లలో కొన్ని, ఇటు మునుగోడు వైపు, అటు దేవరకద్ర వైపు ఊళ్లలో కొన్ని తిరిగింది. తోడుగా నేనూ వెళ్లాను. మీలో చాలామంది ఓపికగా జవాబులు చెప్పి, టీ ఇచ్చి పంపారు. అందుకు ఈ సభాముఖంగా కృతజ్ఞతలు.

ఆ సర్వే విషయం ‘ఆరోగ్య అక్షరాస్యత’. అదేమిటని అప్పుడు చాలామంది అడిగారు. పేరు చదవడం, సంతకం పెట్టడం ఒక అక్షరాస్యత. డాక్టరు రాసిన చీటీ చూసి ఏ గోలీ ఎప్పుడు వేసుకోవాలో తెలుసుకోవడం, మందు పట్టీ మీద గడువు తేదీ ఎక్కడుందో వెతకగలగడం, దేనికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి, దేనికి జిల్లా ఆస్పత్రికి పోవాలి అని నిర్ణయించుకోగలగడం, టీవీలో వచ్చే మందుల ప్రకటనను ఎంతవరకు నమ్మాలో తూచుకోవడం ఇంకొక అక్షరాస్యత. బడి మొహం చూడని అవ్వకు ఇది ఎక్కువ ఉండవచ్చు, డిగ్రీ చదివిన మనిషికి తక్కువ ఉండవచ్చు. నా సంగతే చెబుతాను. భోజనానికి ముందు వేసుకోవలసిన గోలీని ఆరు నెలలు భోజనం తర్వాత వేసుకున్నాను. చీటీ మీద రాసి ఉంది. చదివాను కూడా. అర్థం చేసుకోలేదు.

సర్వే అయిపోయింది. ఆ ఫలితాలు పట్టుకొని అధికారుల దగ్గరికి వెళ్లి, మందుల కవర్ల మీద తెలుగులో రాయించమని, పెద్దవాళ్లకు విడమరచి చెప్పే మనిషిని పెట్టించమని అడుగుదామని మన కార్యవర్గం అనుకుంటున్నది. మంచి ఆలోచన. కాబట్టే ఆ అంకెలు గట్టివి కావాలి.

ఒక రాత్రి మనుమరాలు ఫలితాల పట్టిక చూపించింది. “తాతా, గడువు తేదీ చూసి మందు కొనేవాళ్లు ఇంత శాతం” అన్నది. “ఎంతమందిలో?” అన్నాను. “అందరిలో.” “జవాబు చెప్పనివాళ్లను ఏం చేసినవు?” ఆ పిల్ల కాసేపు ఆగి, “అది చూడాలి తాతా” అన్నది. ఆ ‘చూడాలి’ అన్న మాట వినగానే నలభై ఏళ్ల కిందటి ఒక మధ్యాహ్నం నా కళ్లముందుకు వచ్చింది. ఇంతవరకు మా ఇంట్లో కూడా చెప్పని సంగతి. నా వయసువాళ్లు ఎక్కువమంది ఉన్న సభ కనుక ఇక్కడ చెబుతున్నాను.

మన నీళ్ల సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని 1975లో నాగపూరులోని నీరి సంస్థ రూపొందించింది. దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు పెట్టారు. ఆ పేరుతోనే పరాయి దేశాల పుస్తకాల్లో కూడా మన జిల్లా కనబడుతుంది. సంతోషించాలో బాధపడాలో తెలియని కీర్తి అది. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. అటువంటి నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పండ్ల మీద మచ్చలు వస్తాయి, తర్వాత ఎముకలు వంగుతాయి.

1980ల మధ్యలో నేనొక కార్యాలయంలో పనిచేస్తున్నాను. దాని పేరు ఇక్కడ అక్కరలేదు. తప్పు చేసింది నేను. బడిపిల్లల పండ్ల మీద మచ్చలు ఉన్నవా, లేవా అని పంతుళ్లు రాసి పంపిన ఫారాలు మాకు వచ్చాయి. ఊరూరికీ శాతం కట్టి, ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా జాబితా తయారు చేయాలి. పైన ఉన్న ఊళ్లకు ముందు నీళ్ల ఏర్పాటు. ఒక ఊరి ఫారాలలో చాలా గళ్లు ఖాళీగా ఉన్నాయి. ‘ఉన్నవి’ అనీ లేదు, ‘లేవు’ అనీ లేదు. మొత్తం మాత్రం బడి రిజిస్టరుతో సరిపోవాలి. సాయంత్రం ఐదున్నర అయింది. తెల్లవారి జాబితా పోవాలి. ఖాళీ గళ్లన్నీ ‘లేవు’ కిందికి వేశాను. మొత్తం కుదిరింది. ఇంటికి పోయి హాయిగా పడుకున్నాను.

ఆ ఖాళీలు ఎందుకున్నాయో అప్పుడు నేను అడగలేదు. పంతులు పండ్లు చూసిన రోజున ఆ పిల్లలు బడికి రాలేదు. తల్లిదండ్రుల వెంట వలస పోయారు. వలస పోయే కుటుంబాలంటే ఊరిలో అందరికంటే బీదవాళ్లు. మచ్చలున్న పిల్లలు ఎక్కువగా ఆ ఇళ్లలోనే ఉన్నారు. నా చేతి రాతతో ఆ పిల్లలందరికీ తెల్లటి పండ్లు వచ్చేశాయి. ఊరు జాబితాలో అడుక్కు జారింది.

ఏడాది దాటాక ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన అర్జీ పట్టుకొని వచ్చాడు. తలపాగ తీసి బల్ల మీద పెట్టి, “సారూ, మా పక్క ఊరికి నీళ్లొచ్చినయి. మా పొల్లగాండ్ల పండ్లు వాళ్లకంటె ఎర్రగున్నయి. మాది కిందికెట్ల వొయింది? ఈ లెక్క ఎట్లొచ్చింది సారూ?” అని అడిగాడు. అధికారి మిసిలు తెప్పించారు. మిసిల్లో శాతం ఉంది. శాతం ఎట్లా వచ్చిందో చూపే కాగితం లేదు. పంతుళ్ల ఫారాలు, నేను గీసిన తబ్సీలు, అన్నీ ఎల్.డిస్. కింద పోయాయి. ఎల్.డిస్. అంటే ఏడాది తర్వాత చింపివేసేవి అని మనకు తెలిసిందే. అంకె ఒక్కటే ఆర్.డిస్.లో శాశ్వతంగా మిగిలింది.

అధికారి మా అందరి ముఖాలు చూశారు. నాకు తెలుసు. ఆ ఖాళీ గళ్లు నా కళ్లముందు ఉన్నాయి. నేను నోరు విప్పలేదు. కొత్త ఉద్యోగం కాదు, చిన్న వయసు కాదు. భయం, అంతే. అధికారి మంచివారు. లెక్క చూపించలేని అంకెను సమర్థించనని చెప్పి మళ్లీ సర్వే వేయించారు. ఈసారి ఆ ఊరి శాతం దాదాపు రెట్టింపు వచ్చింది. ఊరు జాబితాలో పైకి పోయింది. కానీ అప్పటికి రెండేళ్లు గడిచాయి. శాశ్వత దంతాలు లోపల తయారయ్యేది ఎనిమిదేళ్ల లోపు వయసులో. ఆ రెండేళ్లలో ఆ వయసు పిల్లలు తాగిన నీళ్లను ఎవరూ వెనక్కి తీయలేరు. ఆ పెద్దమనిషి అడిగిన ప్రశ్నకు ఆ రోజు మా కార్యాలయంలో జవాబు ఉన్నది నా ఒక్కడి దగ్గరే. నేను చెప్పలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఖాళీ గడిని ఎట్లా లెక్కించాలన్నది చిన్న సంగతిగా కనబడుతుంది. ఊరికే ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. రెండువందల మందిని ‘గడువు తేదీ చూస్తారా?’ అని అడిగామనుకోండి. తొంభైమంది చూస్తామన్నారు. అరవైమంది చూడమన్నారు. యాభైమంది జవాబు చెప్పలేదు. రెండువందలతో భాగిస్తే 45 శాతం. జవాబు చెప్పిన నూటయాభైతో భాగిస్తే 60 శాతం. ఫారాలు అవే, కూడిక అదే. ఒక పట్టికలో సగంకంటె తక్కువ, ఇంకొక పట్టికలో సగంకంటె ఎక్కువ. రెండింటిలో ఏదీ అబద్ధం కాదు. ఏది చేశారో చెప్పకపోతే మాత్రం రెండూ నమ్మదగినవి కావు.

అక్షరాస్యత అనే మాటనే తీసుకోండి. 2011 జనాభా లెక్కల ప్రకారం మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం, నల్లగొండది 64.20 శాతం. ఇవి ఏడేళ్లు, ఆపైబడిన వారిలో లెక్కించినవి. 1971 నాటి శాతాలు ఐదేళ్లు, ఆపైబడిన వారివి. ఆ సంగతి చూసుకోకుండా రెండింటినీ పక్కపక్కన పెట్టి ఇంత పెరిగింది అంటే లెక్క తప్పుతుంది. జనాభా లెక్కల్లో చదవడం, రాయడం వచ్చునా అని ఇంటివాళ్లను అడిగి రాసుకుంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కార్డు మీద వాక్యం చూపించి చదివిస్తారు. అందులోనూ ఒక మెలిక ఉంది. 2015-16లో జరిగిన నాలుగో విడత సర్వేలో ఆరో తరగతి, ఆపైన చదివినవారికి కార్డు చూపకుండానే అక్షరాస్యులుగా రాసుకున్నారు. 2019-21లో జరిగిన ఐదో విడతలో ఆ గీతను తొమ్మిదో తరగతికి జరిపారు. ఎనిమిదో తరగతి చదివి అక్షరాలు మరచిపోయిన మనిషి మొదటి లెక్కలో అక్షరాస్యుడు, రెండో లెక్కలో కాదు. నియమం అచ్చువేసి ఉంది కనుక ఈ తేడా మనకు తెలిసింది.

జిల్లా అనే మాట కూడా అంతే. 2016 అక్టోబరు 11న మన జిల్లాలు విడిపోయాయి. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. షాద్‌నగర్ రంగారెడ్డిలోకి, కొడంగల్ వికారాబాద్‌లోకి పోయాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరయింది. 2011 నాటి మహబూబ్‌నగర్ వేరు, ఐదో విడత సర్వేలోని మహబూబ్‌నగర్ వేరు. పేరు ఒకటే. పాత జిల్లాను, కొత్త జిల్లాను పోల్చిన మనిషి ఏ మండలాలను ఎటు వేశాడో రాసి పెట్టకపోతే ఆ పోలికకు అర్థం లేదు.

ఆరోగ్య అక్షరాస్యతకు యూరపులో ఒక పెద్ద సర్వే జరిగింది. 2011లో ఎనిమిది దేశాల్లో సుమారు ఎనిమిది వేలమందిని 47 ప్రశ్నలు అడిగారు. ‘మందు చీటీ మీద రాసింది అర్థం చేసుకోవడం మీకు ఎంత సులభం?’ వంటి ప్రశ్నలు. చాలా కష్టం అంటే 1, చాలా సులభం అంటే 4. సగటు తీసి, అందులోంచి ఒకటి తీసివేసి, యాభైతో గుణించి మూడుతో భాగిస్తే సున్నా నుంచి యాభై లోపు ఒక మార్కు వస్తుంది. 33 లోపు వస్తే ఆ మనిషి ఆరోగ్య అక్షరాస్యత సరిపోదని లెక్క. ఆ సర్వేలో దాదాపు సగంమంది అక్కడే తేలారు. అన్ని ప్రశ్నలకూ ‘సులభమే’ అని మూడో జవాబు చెప్పిన మనిషికి 33.3 వస్తుంది, గీతకు ఆవల వెంట్రుకవాసి. ఒక్క ప్రశ్నకు ‘కష్టం’ అన్నాడంటే 33 కిందికి జారతాడు. ఇటువంటి చోట ‘తెలియదు’ అన్న జవాబును ఏ గడిలో వేశామన్నదే మనిషిని అటో ఇటో చేస్తుంది.

మరి ఈ దారిని ఎట్లా భద్రపరచాలి? మన కాలంలో తబ్సీలు కాగితాలు ఉండేవి. నోటు ఫైలులో ఎవరు ఏం ఆలోచించి ఏం నిర్ణయించారో వరుసగా ఉండేది. పేరాలకు అంకెలు ఉండేవి. ఆకుపచ్చ సిరాలో సంతకం ఉండేది. కంప్యూటరు వచ్చాక ఎక్సెల్ షీటులో మౌసుతో లాగి, కూడి, తీసివేసి, చివరికి ఒక అంకె తెస్తున్నారు. ఏది తీసివేశారో, ఎక్కడ లాగారో జాడ ఉండదు. కరెంటు ఫైలు ఉండి నోటు ఫైలు లేనట్టు.

మనుమరాలు వాడింది వేరే పద్ధతి. ‘ఆర్’ అనే కంప్యూటరు భాష. న్యూజీలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు 1990లలో తయారు చేశారు. ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. అందులో చేయవలసిన పనిని ఒక్కొక్క వరుసగా రాస్తారు. దానినే కోడ్ అంటారు. ఫారాలు తెరువు. రెండుసార్లు ఎక్కిన ఫారం ఒకటి తీసివేయి. అరవై ఏళ్లు పైబడినవారిని వేరు చెయ్యి. ఈ ప్రశ్నకు ‘చూస్తాను’ అన్నవారిని లెక్కపెట్టు. ఇంతమందితో భాగించు. అర్థం కావడానికి పక్కనే మాటల్లో వివరం రాసుకోవచ్చు. కంప్యూటరు పై నుంచి కిందికి చదువుకుంటూ పోయి అంకె తెస్తుంది. అదే కోడును, అవే ఫారాలతో ఎవరు నడిపినా అదే అంకె రావాలి. నాకది చూడగానే మన నోటు ఫైలు మళ్లీ పుట్టినట్టనిపించింది.

ఆ పిల్ల దగ్గర కూర్చుని వరుసలు ఒక్కొక్కటి చదివించుకున్నాను. పన్నెండో వరుస దగ్గర ఆపాను. ఖాళీ గడిని, ‘తెలియదు’ అన్న జవాబును రెండింటినీ కలిపి ‘చూడరు’ కింద వేసింది. “బిడ్డా, ఇది నేను చేసిన తప్పే” అన్నాను. ‘తెలియదు’ అనేది జవాబే. గడువు తేదీ అనేది ఒకటి ఉంటుందనే తెలియని మనిషి మన సర్వేకు చాలా ముఖ్యమైన మనిషి. ఖాళీ అనేది జవాబు కాదు. మనం అడగడం మరచిపోయామో, వాళ్లు లేచిపోయారో. మనుమరాలు రెండు గళ్లను వేరు చేసి మళ్లీ నడిపింది. శాతాలు మారాయి. ఏ వరుస మార్చిందో, ఏ తేదీన మార్చిందో, ఎందుకు మార్చిందో కోడులోనే రాసింది. కోడు రాసి ఉంది కనుక నావంటి ముసలివాడు కూడా ఆ తప్పును పట్టుకోగలిగాడు. అంకె ఒక్కటే చూపించి ఉంటే బాగుందమ్మా అని మెచ్చుకొని పడుకునేవాణ్ణి.

తర్వాత అదే కోడును నా పాత కంప్యూటరులో నడిపి చూశాం. నడవలేదు. ఫారాలు తన కంప్యూటరులో ఏ సంచిలో ఉన్నాయో ఆ చిరునామానే కోడులో రాసింది. నా దాంట్లో ఆ సంచి లేదు. అది సరిచేస్తే, దానికి కావలసిన ఇంకొక సామాను పాత రకం ఉందని మొరాయించింది. ఒక సాయంత్రం పోయింది. చివరికి ఏ రకం ‘ఆర్’, ఏ సామాను, ఏ వరుసలో నడపాలో ఒక పేజీ తెలుగులో రాసిపెట్టాం. తన ఇంట్లో నడిచింది కదా అనుకుంటే చాలదు, పొరుగింట్లో నడవాలి.

ఇటువంటి పనికి ఆదర్శం ఎక్కడో వెతకనక్కరలేదు. మన పాలమూరులోనే ఉంది. 1975లో ఇక్రిశాట్ సంస్థ ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని అవురుపల్లి, డోకూరు గ్రామాలతో పాటు మహారాష్ట్రలోని నాలుగు గ్రామాల్లో గ్రామ అధ్యయనం మొదలుపెట్టింది. ఊరికి నలభై కుటుంబాలు. ఊళ్లోనే కాపురమున్న పరిశోధకులు కొద్ది వారాలకొకసారి ఇంటింటికీ పోయి పంట, కూలి, తిండి, అప్పు అన్నీ రాసుకున్నారు. ఆ వివరాలు ప్రపంచంలోని ఎందరో పరిశోధకులకు అందాయి.

వాటితో రాబర్ట్ టౌన్సెండ్ అనే ఆర్థికవేత్త 1994లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. పల్లెలో ఒక ఇంటి ఆదాయం పడిపోయినా తిండి ఖర్చు అంతగా పడిపోదు, ఊరివాళ్లు ఒకరినొకరు కాచుకుంటారు అన్నది ఆయన తేల్చిన విషయం. 1997లో మార్టిన్ రవాలియన్, శుభం చౌధురి అనే ఇద్దరు అవే గ్రామాల వివరాలను తీసుకొని, ఖర్చును వేరే విధంగా లెక్కగట్టి చూశారు. ఆ కాపుదల టౌన్సెండ్ అనుకున్నంత గట్టిది కాదని, ఇంటి ఆదాయం తగ్గితే దెబ్బ తగులుతుందని వాళ్లు వాదించారు. మొదటి వ్యాసం వచ్చిన పత్రికే రెండోదీ అచ్చువేసింది. అవురుపల్లి రైతు జొన్నలు, జీతగాని కూలి గురించిన లెక్క అంతదూరం పోయి, మళ్లీ సరిచూడబడింది. ఎవరూ ఎవరినీ దొంగ అనలేదు. కాగితాలు అందుబాటులో ఉన్నాయి, అంతే.

అందుబాటులో లేకపోతే ఎంత పెద్దవాళ్ల లెక్కయినా తప్పుగానే తిరుగుతుంది. 2010లో రీన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు దేశాల అప్పుల మీద ఒక వ్యాసం రాశారు. అప్పు ఎక్కువైన దేశాల్లో అభివృద్ధి సగటున మైనస్ 0.1 శాతం అన్నారు. దేశదేశాల్లో పొదుపు చేయాలనే వాళ్లు దానిని చూపించారు. 2013లో అమెరికాలో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి ఆ అంకె తనకు రావడం లేదని రాస్తే, వాళ్లు తమ ఎక్సెల్ షీటు పంపారు. సగటు కట్టిన చోట ఐదు దేశాల వరుసలు సూత్రంలోకి ఎక్కలేదు. ఇంకా కొన్ని ఎంపికలు కూడా సందేహంగా ఉన్నాయి. సరిచేసి లెక్కిస్తే హెర్న్‌డన్ బృందానికి 2.2 శాతం వచ్చింది. మూడేళ్ల పాటు ఎవరూ ఆ షీటు చూడలేదు. మనమూ క్లర్కులం కదా, ఐదు వరుసలు జారిపోవడం ఎంత సులభమో మనకు తెలుసు.

ఒక సందేహం మీలో కొందరికి రావచ్చు. మా ఇంటి జబ్బుల సంగతి ఊరంతా పంచుతారా అని. న్యాయమైన సందేహం. కోడు పంచడం వేరు, ఫారాలు పంచడం వేరు. కోడులో ఎవరి పేరూ ఉండదు. అది దారి మాత్రమే. ఫారాలు ఇవ్వవలసి వస్తే పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరు తీసివేయాలి. అది కూడా చాలదు. ఊళ్లో ఒకే ఒక్క విశ్రాంత ఆయమ్మ ఉంటే, ‘విశ్రాంత ఆయ, వయసు 72’ అని రాస్తే పేరు రాసినట్టే. అటువంటి చోట వయసును గుంపులుగా వేయాలి, ఊరి పేరు తీసేసి మండలం రాయాలి. వ్యక్తుల డిజిటల్ సమాచారానికి రక్షణ కోసం 2023లో పార్లమెంటు చట్టం కూడా చేసింది. కావలిస్తే కల్పించిన పది ఫారాలు పెట్టి, వాటి మీద కోడు నడిపి చూపవచ్చు. దారి సరిగ్గా ఉందో లేదో చూడటానికి అవి చాలు.

కుటుంబ ఆరోగ్య సర్వేల వంటి వాటికి ప్రపంచమంతటా తోడ్పడిన డి.హెచ్.ఎస్. అనే అంతర్జాతీయ కార్యక్రమం తన సూచికల లెక్కల కోడును గిట్‌హబ్ అనే బహిరంగ స్థలంలో పెట్టింది. 2025లో అమెరికా ప్రభుత్వం ఆ కార్యక్రమానికి నిధులు ఆపివేసింది. కార్యాలయానికి నిధులు ఆగవచ్చు, అధికారికి బదిలీ రావచ్చు, గుమాస్తా రిటైరు కావచ్చు, నాలాగా నోరు మూసుకోనూవచ్చు. లెక్క దారి బయట నలుగురి దగ్గర ఉంటే వీటిలో ఏది జరిగినా అడిగినవాడికి జవాబు దొరుకుతుంది.

కార్యవర్గానికి నా విన్నపాలు నాలుగే. ఒకటి, సర్వేలో తెలుగులో మనం అడిగిన ప్రశ్నలు అడిగిన మాటల్లోనే భద్రపరచాలి. ‘మందు చీటీ’ అని అడిగామా, ‘ప్రిస్క్రిప్షన్’ అని అడిగామా అన్నదాన్ని బట్టి కూడా జవాబు మారుతుంది. రెండు, ఏ జవాబుకు ఏ అంకె వేశామో, ఖాళీని, ‘తెలియదు’ను ఎట్లా చూశామో ఒక పేజీ రాయాలి. మూడు, కోడును, నడిపే విధానాన్ని పేర్లు లేకుండా అందరికీ ఇవ్వాలి. కంప్యూటరు లేనివారికి ప్రతి వరుసకు తెలుగు వివరంతో అచ్చు కాపీ సంఘ కార్యాలయంలో ఉంచాలి. నాలుగు, అర్జీ ఇచ్చే ముందు సర్వేతో సంబంధం లేని మనిషి ఒకరు దానిని మొదటి నుంచి నడిపి, అదే అంకె వచ్చిందని సంతకం పెట్టాలి. మనలో 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వేకు ఇల్లిల్లూ తిరిగినవాళ్లు ఉన్నారు. ఫారం నింపడంలో ఎక్కడ జారుతుందో మీకంటే బాగా తెలిసినవారు లేరు. ఒక ఇద్దరు ముందుకు రండి. మనుమరాలు నేర్పుతానన్నది. నేనూ నేర్చుకుంటున్నాను. డెబ్బై నాలుగేళ్లకు నాకు వచ్చిందంటే మీకు రాకపోదు.

ఆ తలపాగ పెద్దమనిషి ఇప్పుడు లేడు. ఆయన పేరు నాకు గుర్తుంది గానీ ఇక్కడ చెప్పే హక్కు నాకు లేదు. మన అర్జీ పట్టుకొని రేపు ఏ అధికారి దగ్గరికి వెళ్లినా, ఆయన మొదట అడిగేది ఆ పెద్దమనిషి అడిగిన ప్రశ్నే: ఈ లెక్క ఎట్లా వచ్చింది? ఆ రోజు నా దగ్గర జవాబు ఉండి కూడా చెప్పలేదు. ఈసారి అడగకముందే చెప్పే విధంగా కాగితాలు సిద్ధం చేసుకుందాం.

 నా మాటల్లో గానీ, వేసిన లెక్కల్లో గానీ పొరపాట్లుంటే, పైన కూడిక తీసివేతలన్నీ చెప్పే ఉన్నాను కనుక, దయచేసి సరిచేయండి. సెలవు.